పక్క ట్యాంకులో ఏముందో అడిగారా?

2020 మే 7. ఆ తేదీ మీలో చాలామందికి గుర్తుండకపోవచ్చు. మనమంతా అప్పుడు కరోనా కర్ఫ్యూలో ఉన్నాం. రంజాన్ నెల. క్యాంపుల్లో పనులు ఆగిపోయి, కొందరికి సగం జీతం, కొందరికి అదీ లేదు. బియ్యం, పప్పు కిట్ల కోసం మా వాలంటీర్ల ఫోన్లు రాత్రనక పగలనక మోగుతుండేవి. ఆ రోజు తెల్లవారకముందే ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. జుబైల్‌లో స్కాఫోల్డింగ్ పని. ఊరు విశాఖపట్నం, గోపాలపట్నం పక్కన. కిట్ కోసమేమో అనుకున్నాను.

"అన్నా, ఇంట్లో ఎవరూ ఫోనెత్తట్లేదు. మా ఊళ్లో గ్యాస్ లీకయిందంట. జనం రోడ్డు మీదే పడిపోతన్నారు. వీడియోలు వస్తన్నాయి."

ఏం చెప్పాలో నాకు తోచలేదు. విమానాలు లేవు. క్యాంపు గేటు దాటడానికే పర్మిషన్ లేదు. ఫోన్ పట్టుకుని కూర్చోవడం తప్ప చేయగలిగిందేమీ లేదు. మధ్యాహ్నానికి కబురు తెలిసింది. ఇంట్లోవాళ్లు నిద్రలోంచి లేచి కట్టుబట్టలతో పరిగెత్తారు. ఫోన్లు మంచం మీదే ఉండిపోయాయి. వాళ్లు బతికారు. ఆ చుట్టుపక్కల అందరూ బతకలేదు.

సాయంత్రం మళ్లీ మాట్లాడినప్పుడు ఆ తమ్ముడు అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "అన్నా, ఇక్కడ ప్లాంట్ గేటు దాటాలంటే ఏ ట్యాంకులో ఏముందో చెప్పి సంతకం పెట్టించుకుంటారు. సైరన్ మోగితే ఎటు పరిగెత్తాలో చెప్తారు. ఊళ్లో ఆ ట్యాంకుల పక్క నుంచే నేను బడికెళ్లాను. వాటిలో ఏముందో నాకే తెలీదు."

ఈ నెల వ్యాసం ఆ మాట గురించే. ఒక కంపెనీ ఎలా పుట్టింది, ఎలా పెరిగింది, మన విశాఖపట్నం దాకా ఎలా వచ్చింది, ఆ రాత్రి ఏం జరిగింది, దాని నుంచి ఇక్కడ జుబైల్‌లో, దమ్మాంలో, రియాద్‌లో పనిచేసుకునే మనం ఏం నేర్చుకోవాలి అన్నదే విషయం. కాస్త ఓపిగ్గా చదవండి. శుక్రవారం గదిలో నలుగురు కూర్చున్నప్పుడు ఒకరు చదివితే మిగతావాళ్లు వినండి.

క్రీము డబ్బాతో మొదలైన కంపెనీ

ఎల్‌జీ అనగానే మనకు టీవీ, ఫ్రిజ్, ఏసీ గుర్తొస్తాయి. ఆ గ్రూపు మొదలైంది మాత్రం ముఖానికి రాసుకునే క్రీముతో. 1947లో దక్షిణ కొరియాలోని బుసాన్ పట్టణంలో కూ ఇన్-హ్వాయ్ అనే వ్యాపారి ఒక చిన్న కెమికల్ కంపెనీ పెట్టాడు. దాని పేరు లక్-హుయి. ఇంగ్లీషులో లక్కీ అన్నట్టు వినిపిస్తుంది కదా, క్రీముకీ ఆ పేరే పెట్టారు. క్రీము అమ్ముడుపోయింది గానీ డబ్బా మూతలు తొందరగా పగిలిపోయేవట. గట్టి మూత ఎలా చేయాలా అని ఆలోచిస్తూ ప్లాస్టిక్ దగ్గరికి వచ్చారు. 1952 నాటికి ప్లాస్టిక్ దువ్వెనలు, సబ్బు పెట్టెలు, టూత్‌బ్రష్‌లు చేస్తున్నారు. అప్పటికి కొరియాలో యుద్ధం ఇంకా ముగియలేదు.

అక్కడి నుంచి ఎదుగుదల మామూలుగా లేదు. 1958లో గోల్డ్‌స్టార్ పేరుతో ఎలక్ట్రానిక్స్ కంపెనీ వచ్చింది. రేడియో చేయాలంటే ప్లాస్టిక్ పెట్టె కావాలి, ఫ్రిజ్ చేయాలంటే లోపలి తొడుగు కావాలి. ఒకటి రెండోదానికి సరుకు అందిస్తూ రెండూ పెరిగాయి. లక్కీ, గోల్డ్‌స్టార్ పేర్ల మొదటి అక్షరాలతో 1995లో మొత్తం గ్రూపు ఎల్‌జీ అయింది. కెమికల్ కంపెనీ ఎల్‌జీ కెమ్ అయింది. యోసు, దేసాన్ అనే తీర పట్టణాల్లో పెద్ద పెట్రోకెమికల్ ప్లాంట్లు నడుస్తున్నాయి. టీవీ బాడీలకు, వాషింగ్ మెషిన్లకు వాడే ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్ తయారీలో ఇది ప్రపంచంలోనే పెద్ద కంపెనీల్లో ఒకటి. తర్వాత కార్ల బ్యాటరీల్లోకి దిగింది. 2020 డిసెంబరులో ఆ బ్యాటరీ వ్యాపారాన్ని వేరే కంపెనీగా విడదీసింది.

నేను బి.కాం. చదివినవాణ్ణి. ఇలాంటి కథ చదివితే మెచ్చుకోకుండా ఉండలేను. యుద్ధంలో నలిగిన దేశంలో, దువ్వెనలతో మొదలుపెట్టి అంత దూరం వెళ్లడమంటే మాటలు కాదు. కానీ మా లెక్కల మాస్టారు ఒక మాట చెప్పేవారు. ఖాతా పుస్తకంలో ఒక పక్క మాత్రమే చూసి సంతకం పెట్టకు, రెండో పక్క కూడా చూడు అని. ఈ కంపెనీ ఖాతాలో రెండో పక్క విశాఖపట్నంలో ఉంది.

విశాఖలో చేతులు మారిన ఫ్యాక్టరీ

విశాఖపట్నంలో ఆ ఫ్యాక్టరీని ఎల్‌జీ కట్టలేదు. 1961లో హిందుస్థాన్ పాలిమర్స్ పేరుతో అది మొదలైంది. 1978లో యూబీ గ్రూపుకు చెందిన మెక్‌డోవెల్ కంపెనీలో కలిసింది. 1997లో ఎల్‌జీ కెమ్ దాన్ని కొని ఎల్‌జీ పాలిమర్స్ ఇండియా అని పేరు మార్చింది. పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్, థర్మకోల్‌కి ముడిసరుకు, ఇలాంటివి అక్కడ చేసేవారు. ముడిసరుకు స్టైరీన్ ఓడల్లో వచ్చేది. పోర్టులో దిగి, ఫ్యాక్టరీ ట్యాంకుల్లో నిల్వ అయ్యేది.

ఫ్యాక్టరీ పెట్టినప్పుడు అది ఊరి బయట. మన ఊళ్ల సంగతి మీకు తెలిసిందే. ఫ్యాక్టరీ వస్తే పని వస్తుంది, పని ఉన్నచోటికి మనుషులు వస్తారు. చుట్టూ ఇళ్లు లేచాయి. ఆర్.ఆర్. వెంకటాపురం, నందమూరి నగర్ లాంటి పేటలన్నీ గోడకి ఆనుకున్నట్టే ఉన్నాయి. ఊరు ఫ్యాక్టరీ దగ్గరికి వచ్చిందా, ఫ్యాక్టరీ ఊరి మధ్యలో మిగిలిందా అని వాదించుకోవచ్చు. ఆ ఇళ్లకు రోడ్డు, కరెంటు, కుళాయి ఇచ్చింది మాత్రం ప్రభుత్వమే. ఇస్తూ ఇస్తూ ట్యాంకులకూ మంచాలకూ మధ్య ఎంత దూరం ఉందో ఎవరూ కొలవలేదు.

ఇంకో సంగతి. ఉత్పత్తి పెంచుకోవడానికి అనుమతి అడుగుతూ 2019 మేలో ఈ కంపెనీ ఒక అఫిడవిట్ ఇచ్చింది. తాము చేస్తున్న ఉత్పత్తికి తగిన పర్యావరణ అనుమతి ఈ రోజుకి తమ దగ్గర లేదని అందులో కంపెనీయే రాసుకుంది. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే అనుమతులతో నడుస్తూ వచ్చింది గానీ, పెరిగిన ఉత్పత్తికి తీసుకోవాల్సిన కేంద్ర అనుమతి లేదు. మనకి ఇఖామా ఒక్క రోజు దాటితే ఏమవుతుందో తెలుసు కదా. కంపెనీలకు మాత్రం కాగితం లేకుండా ఏళ్లకేళ్లు గడిచిపోతాయి.

స్టైరీన్ అంటే ఏమిటి?

భయపెట్టడానికి కాదు, అర్థం కావడానికి చెప్తున్నాను. స్టైరీన్ నీళ్లలా కనిపించే ద్రవం. పెట్రోలియం నుంచి వస్తుంది. దాన్ని గట్టిపరిస్తే పాలీస్టైరీన్ అవుతుంది. పెళ్లి భోజనాల ప్లాస్టిక్ గ్లాసులు, టీవీ పెట్టెలో వచ్చే తెల్ల థర్మకోల్, పెరుగు డబ్బాలు, ఇవన్నీ దాని పిల్లలే. వస్తువుగా మారాక పెద్దగా హాని లేదు. ద్రవంగా ఉన్నప్పుడే కనిపెట్టుకుని ఉండాలి.

ఎందుకంటే ఈ ద్రవానికి తనంతట తానే గట్టిపడే గుణం ఉంది. గట్టిపడుతున్నప్పుడు వేడి పుడుతుంది. వేడి పుడితే ఇంకా వేగంగా గట్టిపడుతుంది. మన ఊళ్లో తడి ఆరని గడ్డిని వామి వేస్తే ఏమవుతుంది? పైకి చల్లగానే ఉంటుంది, లోపల మాత్రం వేడి పేరుకుంటుంది. ఎవరూ అగ్గిపుల్ల గీయకుండానే ఒక రోజు పొగ లేస్తుంది. స్టైరీన్ ట్యాంకు కూడా అంతే. అందుకే దాన్ని ఎప్పుడూ చల్లగా ఉంచాలి. గట్టిపడకుండా ఆపే మందు కలుపుతూ ఉండాలి. పైనా కిందా ఒకే వేడి ఉండేలా తిప్పుతూ ఉండాలి. ఎక్కడ వేడి పెరుగుతోందో కొలుస్తూ ఉండాలి.

దాని ఆవిరి గాలికంటే మూడు రెట్లకు పైగా బరువు. పైకి పోదు. నేలను పట్టుకుని, పల్లం వెతుక్కుంటూ, కాలువ నీళ్లలా ఇళ్లలోకి పారుతుంది. కళ్లు మండుతాయి, ఊపిరాడదు, తల తిరుగుతుంది, ఎక్కువ పీలిస్తే స్పృహ తప్పుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2018లో దీన్ని మనుషులకు క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉన్నవాటిలో చేర్చింది.

ఆ రాత్రి

లాక్‌డౌన్‌తో మార్చి చివర్లో ఫ్యాక్టరీ ఆగింది. మిషన్లు ఆగాయి గానీ ట్యాంకుల్లో సరుకు అలాగే ఉంది. ఎం-6 అనే ఒక్క పాత ట్యాంకులోనే 1,800 టన్నులకు పైగా స్టైరీన్ ఉంది. ఎండాకాలం. ఆ ట్యాంకు లోపల వేడి రోజురోజుకూ పెరిగింది. మే 7 తెల్లవారుజామున 3 గంటల ప్రాంతంలో, లాక్‌డౌన్ సడలించి ఫ్యాక్టరీ మళ్లీ తెరవడానికి సిద్ధమవుతున్న సమయంలో, ఆవిరి బయటికి తన్నుకొచ్చింది. లోపల వేడి స్టైరీన్ మరిగే 145 డిగ్రీలు కూడా దాటేసింది.

జనం నిద్రలో ఉన్నారు. ఘాటు వాసనకి మెలకువ వచ్చినవాళ్లు పక్కింటి తలుపులు కొట్టుకుంటూ పరిగెత్తారు. కొందరు దారిలోనే కుప్పకూలారు. సాయానికి వెళ్లిన పోలీసులు కూడా ఇబ్బంది పడ్డారు. 12 మంది చనిపోయారని ప్రభుత్వం లెక్క చెప్పింది. వాళ్లలో చిన్నపిల్లలున్నారు. వందల మందిని కింగ్ జార్జ్ ఆసుపత్రికి, ఇతర ఆసుపత్రులకు చేర్చారు. వేల మంది ఇళ్లు వదిలారు. ఆవులు, గేదెలు కట్టుకొయ్యల దగ్గరే చచ్చిపడి ఉన్నాయి. వాటికి తాడు తెంపుకుని పోయే వీలు కూడా లేకపోయింది. చెట్ల ఆకులు మాడి రంగు మారిపోయాయి. ఊళ్లో కూరగాయలు, పశువుల మేత వాడొద్దన్నారు. దగ్గర్లోని మేఘాద్రిగెడ్డ రిజర్వాయర్ నీళ్లను కూడా పరీక్షించాల్సి వచ్చింది.

గట్టిపడకుండా ఆపే మందును అప్పటికప్పుడు గుజరాత్ నుంచి విమానంలో తెప్పించారు. ఈ మాట మీరు రెండుసార్లు చదవాలి. వేల టన్నుల స్టైరీన్ ఉంచుకున్న చోట, దాన్ని అదుపులో పెట్టే మందు సమయానికి సరిపడా లేదు. తర్వాత ప్రభుత్వం ఒత్తిడి మీద ఫ్యాక్టరీలోనూ పోర్టు ట్యాంకుల్లోనూ మిగిలిన దాదాపు 13,000 టన్నుల స్టైరీన్‌ని ఓడల్లో తిరిగి దక్షిణ కొరియాకు పంపేశారు. 12 మంది పోయాక గానీ ఆ సరుకు ఊరు వదలలేదు.

కమిటీ ఏం తేల్చింది?

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సీనియర్ ఐఏఎస్ అధికారి నీరబ్ కుమార్ ప్రసాద్ అధ్యక్షతన హైపవర్ కమిటీ వేసింది. 2020 జులైలో రిపోర్టు వచ్చింది. ఇది దేవుడి ఆట కాదు, అనుకోకుండా జరిగింది కాదు అన్నది ఆ రిపోర్టు సారం. మన పనికి సంబంధించిన నాలుగు విషయాలు మాత్రం ఇక్కడ చెప్తాను.

ఒకటి, ట్యాంకుని చల్లబరిచే యంత్రాన్ని 24 గంటలూ నడపలేదు. సాయంత్రం 5 అయితే ఆపేసేవారు. ట్యాంకుకి షిఫ్టు ఉండదు కదా.

రెండు, వేడి కొలిచే ఏర్పాటు ట్యాంకు అడుగున మాత్రమే ఉంది. పైనా మధ్యలోనా ఎంత వేడి ఉందో చూసే దారి లేదు. లోపలి సరుకుని తిప్పే ఏర్పాటూ సరిగ్గా లేదు. అడుగున చల్లగా చూపిస్తుంటే పైన ఉడుకుతోంది.

మూడు, ఆగిపోయిన ట్యాంకులో స్టైరీన్ ఎలా ప్రవర్తిస్తుందో అక్కడి సిబ్బందికే సరిగ్గా తెలియదు. వాళ్లకి ఆ శిక్షణ లేదు.

నాలుగు, ఫ్యాక్టరీలో గేటుతో కలిపి 36 చోట్ల సైరన్ మోగించే ఏర్పాటు ఉంది. ఆ రాత్రి ఒక్కచోట కూడా నొక్కలేదు. ఒక్క సైరన్ మోగి ఉంటే కొన్ని ప్రాణాలైనా మిగిలేవి కాదా అని ఇప్పటికీ ఆ ఊరివాళ్లు అడుగుతారు.

1984లో భోపాల్‌లో యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీలోనూ ట్యాంకుని చల్లబరిచే యంత్రం ఆపేసే ఉంది. ఆ ప్లాంటు కూడా సరిగ్గా నడవని రోజుల్లోనే, రాత్రిపూటే లీకైంది. 36 ఏళ్ల తర్వాత వేరే ఊళ్లో, వేరే కంపెనీలో అదే తప్పు. భోపాల్ తర్వాత 1987లో మన ఫ్యాక్టరీల చట్టాన్ని మార్చి 41-బి అనే సెక్షన్ చేర్చారు. ప్రమాదకరమైన పదార్థాలు వాడే ఫ్యాక్టరీ తన కార్మికులకే కాదు, చుట్టుపక్కల జనానికి కూడా అందులో ఏముందో, దానివల్ల ఏం జరగొచ్చో, జరిగితే ఏం చేయాలో చెప్పి తీరాలన్నది దాని సారం. చట్టం కాగితం మీదికి వచ్చింది గానీ ఆ కాగితం వెంకటాపురం గడప దాకా రాలేదు.

ఖరీదు ఎవరు కట్టారు?

చనిపోయిన ఒక్కొక్కరి కుటుంబానికి రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు ప్రకటించింది. వెంటిలేటర్ మీద ఉన్నవారికి 10 లక్షలు, ఆ ఊళ్లలో మనిషికి 10,000 చొప్పున కూడా ప్రకటించింది. ఆ డబ్బు ప్రభుత్వ ఖజానా నుంచి, అంటే ప్రజల డబ్బు. జాతీయ హరిత ట్రిబ్యునల్ ఎవరూ అడగకముందే, మే 8నే, తనంతట తాను కేసు తీసుకుని కంపెనీని 50 కోట్ల రూపాయలు ముందుగా డిపాజిట్ చేయమంది. తప్పు ఫలానా మనిషిదని తేలేదాకా ఆగనక్కర్లేదు, ప్రమాదకరమైన సరుకు పెట్టుకుని వ్యాపారం చేసేవాడిదే పూచీ అన్నది ఆ ఆర్డరులోని న్యాయం. జులైలో కంపెనీ సీఈఓతో సహా 12 మందిని అరెస్టు చేశారు. ఎల్‌జీ కెమ్ 2024 జులైలో బాధిత ఊళ్లకు 120 కోట్ల రూపాయల సహాయం ప్రకటించింది. శ్రీసిటీలో కొత్త ప్లాంటు పెట్టుకుంది.

ఈ లెక్కలన్నీ చూశాక నాకు అర్థమైంది ఒకటే. కంపెనీ ఎదుగుదల ప్రతి సంవత్సరం బ్యాలెన్స్ షీటులో ఎక్కుతుంది. ఎంత అమ్మాం, ఎంత మిగిలింది, ఎంత కొత్త ప్లాంటు కట్టాం అన్నీ అందులో ఉంటాయి. చల్లబరిచే యంత్రం సాయంత్రం ఆపితే మిగిలిన కరెంటు బిల్లు కూడా లాభంలోనే కలుస్తుంది. అందువల్ల పెరిగిన ప్రమాదం మాత్రం ఏ పుస్తకంలోనూ ఎక్కదు. అది గోడ అవతల నిద్రపోయేవాడి ఊపిరితిత్తుల్లో ఎక్కుతుంది. పైగా ఆ సంగతి అతనికి చెప్పినవాళ్లు ఉండరు.

ఇక్కడ మన పనికి దీనితో ఏం సంబంధం?

1975లో జుబైల్, యన్బూ పట్టణాల కోసం రాయల్ కమిషన్ వేసేనాటికి జుబైల్ చేపలు పట్టుకునే చిన్న ఊరు. ఈ రోజు రాత్రిపూట హైవే మీద వస్తుంటే దీపాలు, మంటలు, ట్యాంకులు కనుచూపు మేర ఉంటాయి. స్టైరీన్ కూడా ఇక్కడ తయారవుతుంది. ఈ ట్యాంకులు కట్టిందీ, రంగు వేసిందీ, లోపలికి దిగి శుభ్రం చేసిందీ మనలాంటివాళ్లే. నిజామాబాద్, జగిత్యాల, కరీంనగర్, శ్రీకాకుళం, కోనసీమ, కడప నుంచి వచ్చినవాళ్లు.

మనల్ని ఎక్కువగా పిలిచేది ఎప్పుడు? షట్‌డౌన్‌కి. అంటే ప్లాంటు ఆగినప్పుడు. "మిషన్ ఆగి ఉంది, భయం లేదు" అని ఫోర్‌మన్ అంటే మనం నమ్మేస్తాం. విశాఖలో జరిగింది గుర్తుంచుకోండి. ఆ ఫ్యాక్టరీ ఆరు వారాలుగా ఆగి ఉంది. ప్లాంటు ఆగినంత మాత్రాన ట్యాంకు ఖాళీ అయినట్టు కాదు. పైపులో మిగిలిన సరుకు, మూలన పేరుకున్న గ్యాస్, తెలియని వాల్వు, ఇవే మనుషుల్ని చంపేవి.

సౌదీ లేబర్ చట్టం ఇక్కడ మీ పక్షాన ఉంది. 122వ ఆర్టికల్ ప్రకారం పనిలోని ప్రమాదాల నుంచి కార్మికుణ్ణి కాపాడే ఏర్పాట్లు కంపెనీయే చేయాలి. జాగ్రత్తలను అరబీలోనూ, అవసరమైతే కార్మికులకు అర్థమయ్యే భాషలోనూ పెట్టాలి. హెల్మెట్, మాస్కు, బూట్ల కోసం మీ జీతంలోంచి ఒక్క రియాల్ కోయకూడదు. 123వ ఆర్టికల్ ప్రకారం పనిలో దిగకముందే ఆ పనిలోని ప్రమాదాలేమిటో మీకు చెప్పాలి. అంటే "ఇందులో ఏముంది?" అని అడగడం ఎదురు మాట్లాడటం కాదు. అది మీ హక్కు. 124వ ఆర్టికల్ ప్రకారం ఇచ్చిన పరికరాలు వాడటం మీ బాధ్యత. ఎండగా ఉందని మాస్కు జేబులో పెట్టుకుంటే తప్పు మన మీదికి వస్తుంది.

అడగాల్సినవి ఇవి. పర్మిట్ మీద ఏ పదార్థం పేరు రాసి ఉంది? గ్యాస్ టెస్ట్ ఈ రోజు, ఈ షిఫ్టులో చేశారా, నిన్నటిదా? ఈ రోజు గాలి ఎటు వీస్తోంది? గాలి దిక్కు చూపించే గుడ్డ గొట్టం ఎక్కడ ఉంది? సైరన్ మోగితే చేరాల్సిన చోటు ఎక్కడ, అక్కడికి వెళ్లే రెండో దారి ఏది? ఇంగ్లీషు, హిందీ రాని కొత్త కుర్రాడు మీ గ్యాంగులో ఉంటే టూల్‌బాక్స్ మీటింగ్ అయ్యాక రెండు నిమిషాలు తెలుగులో చెప్పండి. ఆ రెండు నిమిషాలు మీరు చేసే పెద్ద సేవ.

నిజంగా లీకైతే గాలి వీచే దిక్కుకి అడ్డంగా నడిచి పక్కకి తప్పుకుని, గాలికి ఎదురుగా వెళ్లండి. బరువైన గ్యాస్ అయితే పల్లంలోకి, బేస్‌మెంట్‌లోకి, గుంతలోకి దిగొద్దు. లోపల పడిపోయిన తోటివాణ్ణి తీయడానికి ఊరికే దూకొద్దు. గాలి సిలిండరు తగిలించుకున్నవాళ్లే వెళ్లాలి. ఒకర్ని కాపాడబోయి ముగ్గురు పోయిన సంగతులు మన పనిలో కొత్త కాదు.

బిల్డింగ్ పనిలో ఉన్న అన్నలకు ఒక మాట. ఇక్కడ గోడలకు వాడే బ్లాకుల మధ్యలో, పైకప్పు మీద వేడి ఆపడానికి వేసే తెల్ల షీటు కూడా పాలీస్టైరీనే. మిగిలిన ముక్కల్ని చలికాలంలో డబ్బాలో వేసి కాల్చుకునేవాళ్లని నేను చూశాను. ఆ నల్ల పొగలో స్టైరీన్ కూడా ఉంటుంది. చలి కాచుకోవడానికి అది పనికిరాదు.

ఇళ్లలో పనిచేసే అక్కచెల్లెళ్లకు ఇదంతా ఎందుకని అనుకోకండి. మీ బాత్‌రూమే మీ ప్లాంటు. క్లోరాక్స్ లాంటి బ్లీచు, టాయిలెట్ కడిగే యాసిడ్ కలిపితే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. బ్లీచుని అమ్మోనియా ఉన్న క్లీనరుతో కలిపినా విషపు గ్యాసే. "రెండూ కలిపితే బాగా తెల్లబడుతుంది" అని ఎవరు చెప్పినా కలపకండి. తలుపు తీసి ఉంచండి. సీసా మీద అరబీ అర్థం కాకపోతే ఫోటో తీసి తెలిసినవాళ్లకి పంపి అడగండి. మీకు సాధారణ లేబర్ చట్టం వర్తించదు, ఇంటిపనివారికి వేరే నిబంధనలున్నాయి. చట్టం వేరైనా ఊపిరితిత్తులు అందరివీ ఒక్కటే.

చివరగా డబ్బు సంగతి. కంపెనీల్లో పనిచేసేవారికి గోసి అనే సామాజిక బీమా ఉంది. పనిలో గాయాల కోసం జీతంలో 2 శాతం కట్టాలి. అది కంపెనీయే కట్టాలి, మీ జీతంలోంచి కాదు. మీ పేరు అందులో ఉందో లేదో చూసుకోండి. ఈసీఆర్ పాస్‌పోర్టుతో ఇమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకుని వచ్చినవారికి మన దేశ ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద ప్రమాదంలో మరణిస్తే, శాశ్వత వైకల్యం వస్తే 10 లక్షల రూపాయల బీమా ఉంటుంది. పాలసీ గడువు దాటిందేమో చూసుకుని, ఆ కాగితం ఫోటో ఇంట్లోవాళ్ల దగ్గర ఉంచండి. గదిలో పెట్టెలో ఉన్న కాగితం అవసరమైన రోజు ఎవరికీ దొరకదు.

ఇంటికి ఒక ఫోన్

ఆ స్కాఫోల్డర్ తమ్ముడు మరుసటి ఏడాది లీవు మీద వెళ్లొచ్చాడు. తిరిగొచ్చాక మా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. వాళ్లమ్మ ఇప్పటికీ రాత్రి ఏ కొత్త వాసన వచ్చినా లేచి కూర్చుంటుందట. ఇంటి వెనక మామిడి చెట్టు ఆ ఏడు ఆకులన్నీ రాల్చి, తర్వాత మళ్లీ చిగురేసిందట. అది చెప్పేటప్పుడు ముఖంలో కాస్త వెలుగు వచ్చింది.

ఈ శుక్రవారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు డబ్బు, పిల్లల చదువు, అమ్మ బీపీ మాత్రలతో పాటు ఇంకొక్క మాట అడగండి. మన ఊరి పక్కన ఏ ఫ్యాక్టరీ ఉంది? అందులో ఏం నిల్వ చేస్తారు? సైరన్ ఎప్పుడైనా మోగించి చూపించారా? తెలియదంటే గ్రామసభలో అడగమనండి, సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టమనండి. 10 రూపాయల ఖర్చు.

ఆ తర్వాత శనివారమో ఆదివారమో మీరు డ్యూటీకి వెళ్లినప్పుడు, పర్మిట్ మీద సంతకం పెట్టేముందు, పక్క ట్యాంకు వైపు చూసి అదే మాట మీ ఫోర్‌మన్‌ని అడగండి. "ఇందులో ఏముంది?" మొదటిసారి విసుక్కోవచ్చు. పది మంది అడిగితే జవాబు చెప్పక తప్పదు.